గంజి పెట్టిన నోట్లు

సంతకమేగా, పెడతాలే, ముందు కూర్చో. జామీను కాగితం చేతిలో పెట్టి అట్లా నిలబడితే ఎట్లా? ఇల్లంటున్నావు, బ్యాంకు లోనంటున్నావు, నాకేమో మీ తాత గుర్తొస్తున్నాడు. మా అక్క మొగుడు, నాకు బావ. నువ్వు చూళ్ళేదులే, అప్పటికి మీ నాన్నే నిక్కర్లేసుకునేవాడు. బావ లాండ్రీ నడిపేవాడు. ఇస్త్రీపెట్టె పట్టీ పట్టీ చేతులెప్పుడూ వెచ్చగా ఉండేవి, భుజమ్మీద వేస్తే చొక్కాలోంచి తెలిసేది. ఆ ఫ్యాను కాస్త తగ్గించమ్మా. ఆ, చాలు. ఆయనకి అప్పంటే భయం. చిన్నప్పుడు వాళ్ళ నాన్న వాయిదాలు కట్టలేకపోతే బ్యాంకువాళ్ళొచ్చి సామాను వీధిలో పెట్టించారట. "మా అమ్మ వంటగిన్నెలు కూడా అందరూ చూశార్రా" అనేవాడు నాతో, ఎన్నేళ్ళయినా అదే మాట. అందుకే ఇల్లు కొంటే రొక్కమిచ్చే కొంటానని భీష్మించాడు. మా అక్క సినిమా అంటే చాలు, మొహం గంటు పెట్టుకునేవాడు.

మొత్తానికి ఒక పళ్ళ డాక్టరు ఇల్లు అమ్మకానికొచ్చింది. రెండు గదులు, వెనక కుళాయి, బట్టలారేసుకోడానికి డాబా. బయానా ఇచ్చాడు. గడువు ఆఖరి రోజు సాయంత్రానికి మొత్తం ముట్టకపోతే బయానా పోయినట్టే. లోను మంజూరు చేయించుకున్న ఇంకో ఆసామి వెనకే కాసుకునున్నాడు. ఇటు అద్దిల్లు ఖాళీ చేసేశాం. సామానంతా బండి మీద, బండి వీధిలో, పక్కన మీ నాన్నని ఒళ్ళో పెట్టుకుని మా అక్క. అలాంటి రోజు, అర్థమైందా? మరి ముందురోజు ఈ మహానుభావుడు చేసిందేమిటో తెలుసా? నోట్లన్నీ ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేశాడు. నలిగిన నోట్లు డాక్టరుగారి చేతిలో పెడితే నామోషీ అట.

డాక్టరు కట్ట విప్పాడు. ఒక నోటు వెలుతురుకి పట్టి చూశాడు, చెవి దగ్గర ఆడించాడు, మెల్లిగా బల్ల మీద పెట్టేశాడు. "ఇంత పాత నోటు ఇట్లా పెళపెళలాడుతుందేమిటయ్యా? ఈ వయసులో జైలుకి పోయే ఓపిక నాకు లేదు" అన్నాడు, ముక్కుగొంతుతో. లోను ఆసామి కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. గంజండీ, గంజి అని నేను మొత్తుకుంటే డాక్టరు నన్నూ దొంగని చూసినట్టే చూశాడు. చివరికి డాక్టర్నీ వెంటబెట్టుకుని ఎక్కడికి పోయామనుకున్నావు? బ్యాంకుకే. మెట్ల దగ్గర ఆగిపోయాడు మీ తాత, ఎక్కనంటాడు. చెయ్యి పట్టి లాగాను. ఆ చెయ్యి చల్లగా ఉందమ్మా, అదే మొదటిసారి.

క్యాషియరమ్మ తను తాగే గ్లాసులో ఒక నోటు ముంచింది. నీళ్ళు తెల్లబడ్డాయి, నోటు మెత్తబడి వేలాడింది. "గంజేనండీ, కాస్త దట్టంగా పట్టించాడు" అంది. అయినా డాక్టరు ప్రతి నోటూ చూడాల్సిందేనన్నాడు. ఆవిడ ఒక్కొక్కటే చూస్తుంటే నా కళ్ళు గడియారం మీదే. రిజిస్ట్రారు ఆఫీసు తలుపు మూస్తుంటే కాలు అడ్డం పెట్టి లోపలికి దూరాం.

నవ్వు, నవ్వు. నవ్వేది అంతవరకే. మూడేళ్ళు తిరక్కుండానే గుండె జబ్బన్నారు, ఆపరేషనన్నారు. చేతిలో చిల్లిగవ్వ లేదు, ఉన్నదంతా ఆ గోడల్లో పోశాడుగా. ఇల్లు బ్యాంకులో పెడదామని మా అక్క కాళ్ళు పట్టుకుంది. దస్తావేజులు తలగడ కింద పెట్టుకుని పడుకున్నాడు. "సామాను వీధిలో పడ్డం నువ్వు చూళ్ళేదే" అన్నాడు. ఆపరేషనే చేయించుకోలేదు. నాకు ఇప్పటికీ కోపమేనమ్మా ఆయన మీద. సొంతింట్లో, ముందుగదిలో పోయాడు. ఇంటి మీద ఒక్క పైసా అప్పు లేదు. మా అక్కకి అప్పటికి ముప్పై కూడా నిండలేదు.

...

ఏదీ, ఆ కాగితం ఇటియ్యి. ఎక్కడ పెట్టమన్నావు సంతకం?