నలభై ఏడో నంబరు బిళ్ళ

పొందూరు రైల్వే గేటు దగ్గర దేముడమ్మ టీకొట్టుకి పొద్దున్నే వచ్చేవాళ్ళలో సగంమంది టీ కోసం వస్తారు, మిగతా సగం జగన్నాధం కోసం వస్తారు. టీ పలచనైన రోజున కూడా ఆయన కోతలు చిక్కగా ఉంటాయని దేముడమ్మే ఒప్పుకుంటుంది.

ఆవేళ మహతి ఆ రెండింటి కోసమూ రాలేదు, సంతకం కోసం వచ్చింది. విజయనగరంలో నర్సుగా చేస్తున్న పిల్ల, గుడిలో భజనలు పాడే విశ్వనాథ్ కూతురు. రెండేళ్ళు సేవకి వెళ్తానని ఒక ఆశ్రమానికి ఫారం నింపుతోంది. ఏజెన్సీ కొండల్లో ఆసుపత్రి అయినా సరే, ఆఫ్రికాలో ఆసుపత్రి అయినా సరే, వాళ్ళెక్కడ వేస్తే అక్కడికి వెళ్ళాలి. మర్నాడే ఆఖరు తేదీ. అందులో రెండు గళ్ళు మిగిలిపోయాయి. ఒకటి, ఆ ఆశ్రమం తరఫున ఇంతకుముందు సేవ చేసినవాళ్ళ సంతకం. ఊరు ఊరంతా గాలించినా అలాంటి మనిషి జగన్నాధం ఒక్కడే. రెండోది, దేవుడి మీద మీ విశ్వాసం గురించి నాలుగు మాటలు రాయండి అన్న గడి. అక్కడ పెన్సిలుతో ఏవో మంచి మాటలు రాసింది గానీ అవి తనవి కావని తనకే తెలుసు. అందుకే పది రోజులుగా ఆ కాయితాన్ని మడిచి బ్యాగు అడుగున పెట్టుకుని తిరుగుతోంది. వెళ్తే నిలబడగలనా, మధ్యలో పారిపోయి వస్తానా అన్న భయం ఒకటి లోపల్లోపల తొలిచేస్తోంది.

"అక్కడ ఎలా ఉంటాది తాతా? ఉండగలమా?" అని అడిగింది బెంచీ చివర కూర్చుంటూ.

అంతే. జగన్నాధం టీ గ్లాసు పక్కన పెట్టి, కండువా సర్దుకున్నాడు. గ్లాసు పక్కన పెట్టాడంటే ఇంక అరగంట దాకా ఎవరూ కదలక్కర్లేదని అర్థం.

"ఉండగలమా అని అడుగుతన్నావా తల్లీ? నన్ను ఒగ్గమంటే ఒగ్గలేదు ఆళ్ళు! ఏడాది. మారిషస్. అబద్ధమెందుకు, నానెల్లింది సిన్న పనికే, దేవుడి దీపానికి ఒత్తులు సెయ్యడానికి. మన పొందూరు నూలు సంగతి తెలుసు కదా, ఏలికి సుట్టుకుంటే సుట్టుకున్నట్టే తెలీదు. ఆ నూలుతో ఒక్క ఒత్తి సేసి పొద్దున్న ఎలిగించాను. సాయంత్రం సూస్తే అలాగే ఉన్నాది. మర్నాడు సూసాను, అలాగే ఉన్నాది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నూనె అయిపోయుంటాది" అన్నాడు ఆటో గోవింద్.

"నూనె అయిపోనాది, ఒత్తి ఆర్నేదు! అదీ సంగతి. నెల్లాళ్ళు ఎలిగిందిరా. ఆ ఎలుగు సముద్రం మీద పడతంటే, దారితప్పిన ఓడలన్నీ దాన్ని సూసుకుని ఒడ్డుకొచ్చీడం మొదలెట్టాయి. లైటుహౌసోళ్ళు నలుగురొచ్చి నా కాళ్ళ మీద పడ్డారు. బాబూ, మా ఉజ్జోగాలు పోతన్నాయి, రవ్వంత తగ్గించండి అని."

"తగ్గించావేటి మావా?" అన్నాడు గోవింద్.

"తగ్గించాను. పాపం, పిల్లలు గలోళ్ళు. ఇంతలో వచ్చింది తుపాను! ఓలమ్మో, అది తుపానేటి! కొబ్బరి సెట్లని పిలకలు పట్టుకుని పీకెస్తంది. గుడి గోపురం ఊగుతంది. పూజార్లు ఎటోళ్ళటు పోనారు. నానేటి సేసాను? కదురు ముందరేసుకుని ఒక్క పోగు తీసాను. ఓ కొస గోపురానికి కట్టి, ఇంకో కొస ఈ బొటనేలికి సుట్టుకుని కూకున్నాను. మూడ్రోజులు కూకున్నాను. గోపురం కదిల్తే ఒట్టు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? తుపానుకే ఇసుగొచ్చి ఎనక్కి తిరిగింది. ఎల్లి ఇంకో ఊరి మీద పడతాదేమోనని, అదే దారం దాని మెడకేసి, గేదెని తోలినట్టు తోలుకుంటా పోయి నడి సముద్రంలో ఒగ్గీసొచ్చాను."

గోవింద్‌ది కొబ్బరి తోటల ఉద్దానం వైపు. ముఖం గంటు పెట్టుకుని, "నడి సముద్రమంటే ఏ పక్క? మా కొబ్బరి తోటంతా పడుకోబెట్టీసిన తుపాను నువ్వు తోలిందేనేటి?" అన్నాడు.

"సీసీ, దానికీ నాకూ సమ్మందం లేదు. నాను దక్షిణానికి తోలాను."

అందరూ పగలబడి నవ్వారు. మహతి కూడా నవ్వింది. నవ్వు తగ్గాక ఆమెకి దిగులేసింది. ఫారం ఒళ్ళోనే ఉంది. ఉండగలమా అన్న ప్రశ్నా అలాగే ఉంది.

"నవ్వండి, నవ్వండి! మరి దీనికేటంటారు?" అంటూ జగన్నాధం చొక్కా లోపలి జేబులోంచి ఒక ఇత్తడి బిళ్ళ తీసి మహతి అరచేతిలో పెట్టాడు. "ఆ దేశం గవర్నమెంటోళ్ళు ఇచ్చిన పతకం. నంబరు సూడు, నలభై ఏడు. ఆ దేశం పుట్టిన కాణ్ణించి నాకు ముందర దీన్ని అందుకున్నోళ్ళు నలభై ఆరుగురే!"

మహతి బిళ్ళని తిప్పి చూసింది. గుండ్రంగా ఉంది, పైన ఒక చిల్లు, మధ్యలో నంబరు. దాన్ని ఎక్కడ చూసిందో వెంటనే గుర్తొచ్చింది. పోయిన నెల, ఫారం ఇచ్చే ముందు మాట్లాడడానికి రమ్మంటే, రెండు రోజులు రైల్లో కూర్చుని ఆ ఆశ్రమానికి వెళ్ళింది. గుమ్మంలో తన చేతికీ ఇలాంటిదే ఇచ్చారు.

నోరు మూసుకుంటే సంతకం దొరికిపోతుంది. ఆ సంగతి ఆమెకి తెలుసు. కానీ ఈ తుపాను మాట నమ్ముకుని రెండేళ్ళు ఎలా వెళ్తుంది?

"తాతా, ఇది చెప్పుల స్టాండులో ఇచ్చే బిళ్ళ. నాకూ ఇచ్చారు" అంది మెల్లగా.

దేముడమ్మ పాలు పొంగుతున్నా చూసుకోలేదు.

"నిన్ను అల్లరి పెట్టాలని కాదు తాతా. నాకు భయమేస్తంది. అక్కడ నిలబడ్డ మనిషివి, నువ్వూ ఉండగలవు అంటావేమోనని నీ దగ్గరికొచ్చాను. నిజంగా ఎన్నాళ్ళున్నావు?"

జగన్నాధం కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "పదకొండు రోజులు" అన్నాడు ఆఖరికి.

తర్వాత చెప్పాడు, ఈసారి చేతులు ఊపకుండా. "మారిషస్ నాను సూణ్నేదు తల్లీ. అక్కడికి పంపే ముందర ఆశ్రమంలో నెల్లాళ్ళు ఏ పని సెప్తే ఆ పని సెయ్యాల. నాకు సెప్పుల స్టాండు ఇచ్చారు. బాగానే సేసాను, దేవుడి తోడు. పదకొండో రోజున గది తుడిసే ఆవిడ నా సంచీ కదిపింది. అడుగున మా యమ్మ వాలుగ సేప దవడ ఉన్నాది."

ఆ దవడ సంగతి పొందూరులో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ సన్నటి పళ్ళతో దువ్వందే పత్తి శుభ్రపడదు, ఆ నూలూ రాదు. కానీ ఉల్లిపాయ కూడా గడప దాటని చోట అది చేప ఎముకే.

"ఆవిడ కెవ్వుమంది. ఆఫీసాయన వచ్చాడు. కోప్పడలేదు. ఏటిదని అడిగాడంతే. ఇన్ని మాటలాడే నోరు, ఒక్క ముక్క పెగల్నేదు. హిందీ రాకపోతే పోనీ, సంచీలో పత్తి ఉన్నాది, రెండు దువ్వులు దువ్వి సూపిస్తే సరిపోయీది. దాసిపెట్టిన వస్తువు కదా, సిగ్గేసీసింది. పెరటి గుమ్మంలోంచి వచ్చీసాను."

"మరి ఏడాది ఎక్కడున్నావు?" అన్నాడు గోవింద్.

"నరసన్నపేటలో, మా సెల్లి ఇంట్లో. బజారుకైనా ఎల్లకుండా. అక్కణ్ణించే మీకు ఫోన్లు సేసీవోణ్ణి, మారిషస్‌లో ఎండలు మండిపోతన్నాయని."

"నాకప్పుడే అనుమానమొచ్చింది. ఎనకాల నుంచి మన కండక్టరు అరుపు వినబడీది, శ్రీకాకుళం శ్రీకాకుళం అని" అంది దేముడమ్మ.

జగన్నాధం నవ్వబోయి మానేశాడు. "నెల తిరక్కుండా ఆశ్రమం నుంచి ఉత్తరమొచ్చింది. ఆ ఎముక దేనికో ఎవరో తెలుగాయన సెప్పాడంట. దాంతోనే నూలు తీసి దేవుడికి బట్ట ఇద్దురు గాని, రండి అని రాసారు. మా సెల్లి జగ్గమ్మ ఎల్లమని పోరు పెట్టింది. ఎలా ఎల్తాను? అప్పటికే మీ అందరికీ నాను మారిషస్‌లో దిగిపోనాను. తుపాను కూడా కట్టీసాను."

దేముడమ్మ ఆయన గ్లాసులో చల్లారిన టీ పారబోసి వేడిది పోసింది.

మహతి బ్యాగులోంచి రబ్బరు తీసి, పెన్సిలు రాతలు చెరిపేసింది. పెన్నుతో రాసింది. ఏటి రాసావని జగన్నాధం అడిగితే, చదివి వినిపించింది. "దేవుడి మీద నాకు రోజూ నమ్మకం ఉండదు. రోగి పక్కన కూర్చున్నప్పుడు ఒక్కోసారి ఉంటుంది. పని మాత్రం రోజూ చేస్తాను."

"భజన విశ్వనాథ్ కూతురివి, అలా రాస్తావేటి? ఆళ్ళు తీసుకోకపోతే?" అన్నాడు గోవింద్.

"తీసుకోకపోతే ఇప్పుడే తెలిసిపోతాది. పదకొండో రోజున కాకుండా."

జగన్నాధం చెయ్యి చాపి పెన్ను అడిగాడు. పేరు రాశాడు. చేసిన సేవ అన్నచోట చెప్పుల స్టాండు అని రాశాడు. ఎన్నాళ్ళు అన్నచోట కాసేపు ఆగి, పదకొండు రోజులు అని అక్షరాల్లో రాసి, కింద సంతకం పెట్టాడు. గోవింద్ మెడ సాచి చూస్తున్నా కాయితం దాచలేదు.

మహతి బిళ్ళ తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు.

"నీ దగ్గరే ఉంచు. పారిపోయొచ్చీసిన తొందర్లో నా జోళ్ళు అక్కడే ఒగ్గీసాను. ఈసారి ఎల్తే నలభై ఏడో గడిలో ఉన్నాయేమో సూడు."

"ఇన్నేళ్ళయింది, ఇంకా ఉంటాయేటి మావా?" అన్నాడు గోవింద్.

"ఎందుకుండవురా? నా సేతి కింద లక్ష జతలు..." అని ఆగాడు. "ఎన్నో లెక్కెట్టలేదు. ఆ పదకొండు రోజుల్లో ఒక్క జతా పోలేదు. అది మాత్రం నిజం."

"ఉంటే పార్సిలు చేయించనా తాతా?" అంది మహతి లేస్తూ.

"వద్దు తల్లీ, అక్కడే ఉండనియ్యమను. నానే ఒచ్చి తొడుక్కుంటాను."