ఇత్తడి బిళ్ల తగిలించి ఇంగ్లీషు నేర్పిన ఎలీయాజరు గారు

1992 ఆగస్టు మూడవ తేదీన ఉంగుటూరు నుంచి తొలి బస్సులో తాడేపల్లిగూడెం చేరుకుని, మా కొల్లేటి తీర పారిశ్రామిక శిక్షణ సంస్థలో ఫిట్టర్ విభాగపు సహాయకులుగా సంతకం చేసిన శ్రీ కొండేటి ఎలీయాజరు గారు, దాదాపు ముప్పై మూడేళ్ల అవిచ్ఛిన్న సేవానంతరం, ఈ జూన్ 30న సీనియర్ బోధకులుగా పదవీ విరమణ చేస్తున్నారు.

1999లో బోధకులైన నాటి నుంచి ఆయన పట్టుదల విద్యార్థులందరికీ అనుభవమే. ఇనుప ముక్క చదునుగా వచ్చేదాకా ఆకురాయి కింద పెట్టనిచ్చేవారు కారు. పిల్లలను సైతం ‘అండీ’ అని మన్నిస్తూనే, చేతులు బొబ్బలెక్కేదాకా నిలబెట్టిన ఘనత వారిది!

2016లో ఒక పంపుల కంపెనీ వారు ఉద్యోగాల ఎంపికకు వచ్చి, ఇరవై ఇద్దరిలో ఇద్దరినే తీసుకున్నారు. పని తెలిసీ, ఇంగ్లీషులో నాలుగు మాటలు చెప్పలేక మిగిలినవారు వెనుదిరగడం ఎలీయాజరు గారిని కలచివేసింది. ఇంగ్లీషు ఉపాధ్యాయిని శ్రీమతి వహీదా గారి వద్దకు వెళ్లి, “పని నేర్పానండీ, పని గురించి మాట్లాడటం నేర్పలేదు. ముందు నాకు నేర్పండి మేడమ్” అన్నారు. అప్పటికి ఆయన వయస్సు యాభై దాటింది. చేతికి తెలిసిన వస్తువైతే మాట త్వరగా పట్టుబడుతుందని, వహీదా గారు పనిముట్లతో ముడిపడిన ఇంగ్లీషు జాతీయాలతోనే పాఠం మొదలుపెట్టారు. సుత్తికి ‘హిట్ ద నెయిల్ ఆన్ ద హెడ్’, అంటే అసలు విషయాన్ని సూటిగా చెప్పడం. స్పానరుకు ‘త్రో ఎ స్పానర్ ఇన్ ద వర్క్స్’, అంటే సాగుతున్న పనికి అడ్డుపడటం. బస్సులో రోజూ ఇదే వల్లెవేత.

మా టూల్ రూమ్‌లో పనిముట్టు కావలసినవారు తమ నంబరున్న ఇత్తడి బిళ్లను కొక్కేనికి తగిలించి తీసుకోవడం ఆనవాయితీ. ఎలీయాజరు గారు ఆ కొక్కేల పక్కన అట్టముక్కలపై జాతీయాలు రాయించి, అప్పజెప్పనిదే పనిముట్టు ఇవ్వవద్దని స్టోర్ కీపర్ అబ్దుల్ సలాం గారికి చెప్పారు. పిల్లలు గడగడా అప్పజెప్పారు. మరుసటి ఏడాది అదే కంపెనీ ఎంపికలో, యంత్రం ఎందుకు ఆగుతుందని అడిగితే, ఏలూరు విద్యార్థి నదీమ్ గుక్కతిప్పుకోకుండా మూడు జాతీయాలు వరుసగా వినిపించాడు. అధికారులు నవ్వారు. ఉద్యోగం చేజారింది.

ఆ ఆదివారం ఆరాధన ముగియగానే ఎలీయాజరు గారు ఏలూరు వెళ్లి, నదీమ్ ఇంటి గుమ్మంలో నిలబడ్డారు.

“తప్పు నాదేనండీ. సండే స్కూల్లో వాక్యాలు కంఠతా పట్టించినట్టు పట్టించేశాను. ఇంకో ఏడాది రండి, ఇద్దరం మళ్లీ నేర్చుకుందాం.”

“మళ్లీ నవ్వుతారేమోనండీ?”

“నవ్వితే నన్ను చూసి నవ్వమనండి. నేనూ పక్కనే ఉంటాను.”

అట్టముక్కలు తీసివేశారు. ఏ పనికి, ఎందుకు ఆ పనిముట్టు కావాలో మామూలు ఇంగ్లీషులో చెబితేనే ఇవ్వాలని కొత్త నియమం పెట్టారు. జాతీయం సందర్భానికి అవసరమైతేనే. నియమం తమకూ వర్తిస్తుందని, ఒకటో నంబరు బిళ్ల పట్టుకుని తడబడుతూ వరుసలో నిలబడిన గురువుగారిని చూసి పిల్లల బెరుకు వదిలింది. 2018 ఎంపికలో నదీమ్ ఒక పంపు బిగింపు ఎలా ఆలస్యమైందో తాపీగా వివరించి, సమయానికి రాని వాషరు గురించి చివరలో స్పానరు జాతీయం ఒక్కటే వాడాడు. ఈసారి నవ్వినవారు లేరు. నేడు ఆ కంపెనీలోనే నదీమ్ సూపర్‌వైజరు.

మొన్న ఎలీయాజరు గారు చివరిసారిగా సుత్తిని అప్పగిస్తూ, “ఐ హావ్ ఫినిష్డ్ మై వర్క్” అన్నారు. చూడవచ్చిన నదీమ్ ఊరుకోలేదు.

“జాతీయం ఏదీ సార్?”

“ఇక్కడ అవసరం లేదండీ నదీమ్ గారూ” అంటూ తమ బిళ్లను శిష్యుడి చేతిలో పెట్టారు. అబ్దుల్ సలాం గారు కళ్లు తుడుచుకున్నారు; మేమూ తుడుచుకున్నాం.

సహధర్మచారిణి వరమ్మ గారితో కలిసి ఎలీయాజరు గారు సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు సంతోషంగా జీవించాలని, వారు నేర్పినట్టే, మామూలు మాటల్లో, మనసారా కోరుకుంటున్నాం.