వచ్చే ఏడాది ఇండియా మ్యాచ్ సంగతి

సభకు అధ్యక్షత వహిస్తున్న దత్తాత్రేయ గారికీ, డల్లాస్ ట్రాఫిక్‌లో పడి కాపెల్ దాకా వచ్చిన మా లీగ్ పెద్ద హాలోవే గారికీ, ఆయన పక్కన కూర్చుని నా మాటలన్నీ ఇంగ్లిష్‌లో చెబుతున్న మన సంహితకీ, పెద్దలకూ, మిత్రులకూ ఈ రాధారాణి నమస్కారాలు. సంహితా, అలసిపోతే చెప్పమ్మా, ఆపేస్తాను. మిగతావాళ్లు అలసిపోయినా ఆపను. (నవ్వులు)

ప్రొఫెషనల్ బేస్‌బాల్ లీగ్‌లో అంతర్జాతీయ మ్యాచ్‌లు చూసే డిపార్ట్‌మెంట్‌లో ఇన్నేళ్లు పనిచేసి ఇవాళ రిటైరవుతున్నాను. నేను చేరిన కొత్తలో, వేరే దేశాలవాళ్లకు ఈ ఆట ఎక్కాలంటే టోపీలు పంచితే చాలనుకునేవారు. పంచాం. మనవాళ్లు ఆ టోపీలు పెట్టుకుని శుభ్రంగా క్రికెట్ ఆడుకున్నారు. (నవ్వులు) తమవాళ్లు లేని ఆటను ఎవరైనా ఎంతసేపు చూస్తారు, ఇండియా టీమ్‌ని పిలిపించి గట్టి జట్లతో ఆడిద్దాం అని నేను మీటింగ్ మీటింగ్‌కీ నస పెట్టి, చివరికి ఒప్పించాను.

మొదటి మ్యాచ్ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆఖర్లో హైదరాబాద్ నుంచి వచ్చిన ఈషాన్ కొట్టిన బంతి దొర్లుతూ నేరుగా ఫీల్డర్ దగ్గరికి వెళ్లింది. క్రికెట్‌లో అయితే కదలకుండా నిలబడొచ్చు, బేస్‌బాల్‌లో పరుగెత్తి తీరాలి. అతను పరుగెత్తుతూనే ఉన్నాడు. మన స్టాండ్ మొత్తం లేచి, "వద్దు వద్దు, ఆగరా!" అని అరిచింది. అన్నపూర్ణ గారూ, అలా పక్కకు చూడకండి, అందరికంటే ముందు వినిపించింది మీ గొంతే. (నవ్వులు) పాపం, తెలుగు వినబడగానే ఆగిపోయాడు. అటు ఫీల్డర్ చేతిలోంచి బంతి జారింది, తీరిగ్గా ఏరుకుని, ఈషాన్ చేరాల్సిన బేస్‌కి విసిరాడు. ఈషాన్ అవుట్, మనం ఓడిపోయాం.

ఆ సాయంత్రం పార్కింగ్ లాట్‌లోంచి ఒక్క కారూ కదల్లేదు. పొద్దున బేస్‌బాల్ అంటే ఏమిటో తెలియనివాళ్లు అక్కడ నిలబడి తప్పెవరిదని వాదించుకుంటుంటే, హాలోవే గారు కంగారుగా "ఏమైనా గొడవా?" అని నన్నడిగారు. "కాదండీ, వీళ్లు ఇవాళ్టి నుంచి మన ప్రేక్షకులు" అన్నాను. మరుసటి ఏడాది టికెట్లు ముందే అయిపోయాయి. ఆ ఏడాది మ్యాచ్‌లో ఆట చూసి ఒక క్లబ్ ఈషాన్‌ని కాంట్రాక్ట్ మీద తీసుకుంది. ఇప్పుడు అతన్ని చూసి హైదరాబాద్‌లో ఎందరో పిల్లలు నేర్చుకుంటున్నారు.



నిన్న మా లీగ్ వచ్చే ఏడాది క్యాలెండర్ చూశాను. అందులో ఇండియా మ్యాచ్ లేదు. నాతో పాటు దాన్నీ రిటైర్ చేస్తున్నారన్నమాట. నాకు కోపం లేదు, కానీ చాలా బాధగా ఉంది. నేను లేకపోతే లీగ్‌కి వచ్చిన నష్టమేమీ లేదు. ఆ మ్యాచ్ లేకపోతే మాత్రం ఆ పిల్లలు ఎంత బాగా ఆడినా ఏ క్లబ్ కంటా పడరు.

దత్తాత్రేయ గారూ, శాలువా విప్పుతున్నారు, ఒక్క నిమిషం. పని పూర్తిచేసినవాళ్లకు కప్పాల్సింది అది. నాది ఇంకా సగంలోనే ఉంది. దాన్ని మడిచి హాలోవే గారికి ఇవ్వండి. వచ్చే ఏడాది ఇండియా మ్యాచ్ రోజున, మైదానంలో, అందరి ముందూ ఆయనే నాకు కప్పుతారు.

(హాలోవే గారు లేచి, నవ్వుతూ రెండు చేతులతో శాలువా అందుకున్నారు. చప్పట్లు)

సంతోషం. సంహితా, మనవాళ్లలో అలా రెండు చేతులతో అందుకుంటే మాట ఇచ్చినట్టేనని ఇప్పుడు చెప్పమ్మా ఆయనకి.

అందరికీ కృతజ్ఞతలు. మైదానంలో కలుద్దాం, సెలవు.