చెయ్యి వదిలే చోటు

మధ్యాహ్నం ఆట అయిపోయింది. జనం వెళ్ళిపోయిన సర్కస్ డేరాలో, తెర పైనున్న బ్యాండు మంచె మీద ఇద్దరే మిగిలారు. ట్రంపెట్ ఊదే పెద్దాయన ఒకరు, డ్రమ్ము వాయించే ఆయన బావమరిది ఒకరు. సాయంత్రం ఆటకి ఇంకా గంటన్నర ఉంది.

"మీట పట్టేసిందిరా. అంతే. చెప్పాగా."

"ఏ మీట బావా?"

"మధ్యది."

"ఇందాక మొదటిదన్నావు."

"మొదటిదీ పట్టేసింది. రెండూ పట్టేశాయి. నూనె వెయ్యాలి. నూనె సీసా ఎక్కడ పెట్టావ్?"

"నీ జేబులో ఉంది."

"ఆఁ, ఉంది."

"మీట పట్టేస్తే స్వరం పలకదు బావా. నీకు పలికింది. బ్రహ్మాండంగా పలికింది. పలికిందే పలికింది. ఊయల పాటలో మొదటి ముక్క ఎన్నిసార్లు వాయించావో తెలుసా?"

"ఎన్నిసార్లు వాయించాలో అన్నిసార్లు."

"మూడు చుట్లు ఎక్కువ వాయించావు. పైన అమ్మాయి వేలాడుతోంది."

"నా కూతురు ఎక్కడ వేలాడుతోందో నువ్వు నాకు చెప్పక్కర్లేదు."

"మరెవరు చెప్పాలి? మొదటి ముక్క ఊగడానికి. మలుపు దగ్గర పాట పైకెత్తుకుంటుంది, అక్కడ తను కర్ర వదిలి గాల్లోకి వెళ్తుంది, అవతల అల్లుడు చేతులు పట్టుకుంటాడు. మలుపు రాకపోతే తను వదల్లేదు. వదలకపోతే అవతల అతను తలకిందులుగా వేలాడుతూనే ఉండాలి. ఇదంతా నాకు నేర్పింది నువ్వే."

"జనం చప్పట్లు కొట్టారు."

"జనానికేం తెలుసు? ఎక్కువసేపు ఊగితే ఎక్కువ ధైర్యం అనుకున్నారు."

"పోనీలే. ఏం కాలేదుగా. కింద వల ఉందిగా."

"నువ్వేనా ఆ మాట అంటోంది? వీపు మీద పడితే వల. మెడ మీద పడితే—"

"నోర్ముయ్! అలాంటి మాటలు మంచె మీద అనకు."

"సరే, అనను. ఆ ట్రంపెట్ పక్కన పెట్టు. నోటితో పాడు."

"ఏంటి?"

"ఊయల పాట. మొదటినుంచీ. పాడు."

"ఇప్పుడా? టీ తాగొచ్చి—"

"టీ తర్వాత."

"పొద్దున్నుంచీ గొంతు బాగోలేదురా."

"నీ గొంతు ఎవరిక్కావాలి? పాడు బావా."

"త రార రీ, త రార రీ, తరీ రర రా... త రార రీ, త రార రీ, తరీ రర రా... ఇప్పుడు మలుపు."

"ఊఁ."

"ఇప్పుడు మలుపొస్తుంది."

"రానీ."

"త రార రీ, త రార—"

"అది మొదటిదే."

"తెలుసయ్యా! దాని వెనకాలే వస్తుంది. పరుగెత్తుకొచ్చి దూకాలి, నిలబడి దూకలేం. త రార రీ, త రార రీ, తరీ రర రా... త రార రీ..."

"బావా."

"ఆగు. త రార రీ, త రార రీ, తరీ రర—"

"బావా, చాలు."

"వస్తుందిరా! తలుపు కనిపిస్తూనే ఉంది. తీసి అడుగు పెడతాను. చూస్తే మళ్ళీ అదే గది. అదే కుర్చీ, అదే కిటికీ, అదే తలుపు. మళ్ళీ తీస్తాను."

"ఎప్పట్నుంచి?"

"ఏది?"

"ఆ గది."

"ఏడాది అయ్యుంటుంది. ముందు పళ్ళేల పాట పోయింది. పళ్ళేలు తిప్పేవాడే మనల్ని వదిలేసి వెళ్ళిపోయాడు కదా, ఇంక పనిలేదని అదీ పోయుంటుందిలే అనుకున్నాను. ఆ తర్వాత సైకిళ్ళ పాట."

"సైకిళ్ళ పాట నాకూ పోయింది."

"ఎప్పుడూ చెప్పలేదే!"

"నువ్వు చెప్పావా?"

"మరి మొన్న సైకిళ్ళాటకి ఏం వాయించాం మనం?"

"ఏదో వాయించాం. జోకరు పాట అటూ ఇటూ చేసి. సైకిళ్ళవాళ్ళు పట్టించుకోలేదు."

"వాళ్ళకేం, నేల మీద తిరుగుతారు."

"అదే నేను చెప్పేదీ."

"పదకొండు మందిమి కూర్చునేవాళ్ళం రా ఈ మంచె మీద. మోకాళ్ళు మోకాళ్ళు తగిలేవి. ఒకడు తప్పితే పదిమంది భుజం పట్టి లాక్కెళ్ళేవాళ్ళు. అవతలవాడు ఎక్కడ తప్పాడో తెలిసేది కూడా కాదు. మీ అక్క పోరేది, పాటలన్నీ కాగితం మీద రాయించండీ అని. కాగితమైతే గాలికి ఎగిరిపోతుందే, తలలో ఉంటే ఎక్కడికి పోతుంది అన్నాను. పెద్ద మొనగాడిలా అన్నాను."

"ఈ పాట అక్క కోసం కట్టిందేగా."

"కట్టడమేంటి, మీ అక్క ఊగుతుంటే ఊదాను. తన ఊపు ఎంతుంటే అంత ముక్క. తను ఎక్కడ వదిలితే అక్కడ మలుపు. అమ్మాయి కూడా దాని మీదే నేర్చుకుంది. తొమ్మిదేళ్ళది, అంత కర్ర పట్టుకుని, 'నాన్నా, మళ్ళీ ఊదు, మళ్ళీ ఊదు' అని... నువ్వు పాడు మరి."

"నేనా?"

"మలుపు పాడు. నువ్వు అందిస్తే నేనెత్తుకుంటాను."

"నాది డ్రమ్ము బావా. రాగం నా పని కాదు."

"లెక్క నీ పనేగా. ఎన్ని చుట్ల తర్వాత మలుపు? నాలుగా, అయిదా?"

"మాట మార్చకు."

"నాలుగా అయిదా అని అడిగితే మాట మార్చడమా?"

"మార్చకన్నానా! పద, యజమానికి చెబుదాం. పెద్దవాళ్ళమైపోయాం, ఇంక మావల్ల కాదు అని చెబుదాం."

"చెబితే?"

"ఏదో చేస్తాడు."

"ఏదో కాదు. స్పీకరు పెట్టెలు తెస్తాడు. రికార్డు వేస్తాడు. ఆ రికార్డు మన పిల్ల కోసం ఆగుతుందా? అరచెయ్యి చెమటపట్టి ఇంకో ఊపు కావాలనుకుంటే ఇస్తుందా పెట్టె? నేనిచ్చాను. తను అడక్కుండానే, భుజం చూసి ఇచ్చాను, పదిహేనేళ్ళు."

"ఇవాళ మూడిచ్చావు. అవీ అడక్కుండానే."

"పొడవకురా."

"పోనీ తననే మానెయ్యమను. ముప్పై నాలుగేళ్ళొచ్చాయి. ఎన్నాళ్ళు ఊగుతుంది?"

"మానేస్తే? ఊయలాట లేకపోతే ఈ డేరాకి ఎవడొస్తాడు? అల్లుడికి తలకిందులుగా వేలాడ్డం తప్ప ఏం తెలుసు? మనం పడుకునే బండి యజమానిది. తినే తిండి యజమానిది. మానేసి నలుగురం ఏ చూరు కింద నిలబడాలో చెప్పు, ఇప్పుడే దిగి వెళ్ళి చెబుతాను."

"మరి ఏడాదిగా ఎలా ఊదుకొస్తున్నావు బావా, మలుపు రాకుండా?"

"నీ దయ."

"నా దయేంటి?"

"నువ్వు రెండు పుల్లలూ తల పైకెత్తి ఢమ్మని కొడతావు చూడు. ఆ దెబ్బ పడగానే వేళ్ళు వాటంతటవే పైకి పోతాయి. ఎలా పోతాయో నాకు తెలీదు. ఆ తర్వాత కడదాకా వచ్చేస్తుంది, ఒక్క స్వరం తప్పదు. దెబ్బ పడాలంతే. ఇవాళ పడలేదు."

"అంటే తప్పు నాదంటావా?"

"అన్లేదు. ఎందుకు పడలేదని అడుగుతున్నాను."

"నేను వెళ్ళిపోతున్నాను బావా."

"టీకా? నాకూ ఒకటి పట్రా."

"టీకి కాదు. సోమవారం పొద్దున బస్సుకి. మన పాత క్లారినెట్టు వాడు లేడూ, వాయిద్యాలు బాగుచేసే కొట్టు పెట్టాడు. డ్రమ్ములకి తోలు బిగించే పని ఉంది, రా అన్నాడు. నీడపట్టున కూర్చుని చేసే పని. మణికట్టు నొప్పి నీకు తెలుసుగా."

"సోమవారమంటే ఎల్లుండి."

"రేపటి రెండాటలూ వాయించే వెళ్తాను."

"యజమానికి చెప్పావా?"

"చెప్పాను."

"నాకంటే ముందు?"

"నీకు చెబితే వెళ్ళలేనని ముందు ఆయనకి చెప్పాను. అందుకే బావా, నువ్వు కూడా మానెయ్. రేపటితో మానెయ్. నువ్వు ఈ మంచె దిగావంటే నాకు అక్కడ నిద్ర పడుతుంది."

"ఓహో. ఇందాకట్నుంచీ ఈ పాడమనడం, పరీక్షలు పెట్టడం, ఇదంతా నీ నిద్ర కోసమన్నమాట."

"అలా అనకు."

"ఇంకెలా అనమంటావు? పదకొండు మందిలో వెళ్ళిపోతున్న పదోవాడివి నువ్వు. వెళ్ళు. నాకు ఈ మంచె మీద చోటు ఇరుకైంది ఎటూ."

"బావా, నిచ్చెన మీద ఎవరో ఎక్కుతున్నారు."

"అమ్మాయే. ఆ అడుగు అమ్మాయిదే. నూనె సీసా ఇలా ఇవ్వు. మాట్లాడకు."

"నీ చేతిలోనే ఉంది."

ఊయల ఆడే కూతురు పైకొచ్చేసరికి తండ్రి ట్రంపెట్ మీటలకి నూనె పెడుతున్నాడు. మేనమామ డ్రమ్ము తుడుస్తున్నాడు.

"ఏంటి, ఇద్దరూ టీకి రాలేదు? మావయ్యా, తుడిచిందే తుడుస్తున్నావేంటి?"

"దుమ్మమ్మా."

"మీట పట్టేసింది తల్లీ. నూనె వేస్తున్నాను."

"ఏ మీట నాన్నా?"

"అన్నీను."

"మీ ఆయనెలా ఉన్నాడమ్మా?"

"ముక్కులోంచి రక్తం కారింది మావయ్యా. అంతసేపు తలకిందులుగా ఉంటే కారదూ? తడిగుడ్డ వేసుకుని పడుకున్నారు. సాయంత్రం ఆడతానంటున్నారు. ఆడొద్దంటే వినేలా లేరు. వింటే మాత్రం, ఆయన బదులు ఎవరున్నారు?"

"తప్పు నాదమ్మా. మలుపు దగ్గర—"

"నీది కాదులే నాన్నా."

"నాదే. మలుపు దగ్గర ఈ మీట—"

"నాన్నా, నీకు మలుపు గుర్తులేదని నాకు తెలుసు. పోయిన వానాకాలం నుంచీ తెలుసు. పైనుంచి వినపడదనుకున్నావా? ఇదివరకు నువ్వెత్తుకుంటే దాని మీద డ్రమ్ము పడేది. ఇప్పుడు డ్రమ్ము పడ్డాక నువ్వెత్తుకుంటున్నావు. రెప్పపాటే తేడా. కింద వాళ్ళకి తెలీదు."

"తెలిసి కూడా అడగలేదా?"

"అడిగితే ఊదడం మానేస్తావు. మానేసి ఆ బండిలో కూర్చుని గోడకేసి చూస్తావు. అమ్మ పోయినప్పుడు చూశాం కదా."

"అయితే మాత్రం! ప్రాణం మీదకి తెచ్చుకుంటావా నాకోసం?"

"అంతవరకూ రాలేదులే. నేను... తప్పుగా అనుకోకు నాన్నా. నేను నీ పాట వినడం మానేశాను."

"మంచి పని చేశావు."

"అనుకున్నావు చూడు."

"అనుకోలేదమ్మా. మంచి పనే. కాకపోతే ఇంకో కబురుంది, అది కూడా విను. మీ మావయ్య ఎల్లుండి వెళ్ళిపోతున్నాడు."

"ఎక్కడికి?"

"నీడపట్టుకి."

"బావా, నేను చెప్పుకుంటానుగా. ఒక కొట్టులో పని దొరికిందమ్మా. మణికట్టు చూశావుగా, పుల్ల పట్టుకుంటే—"

"వెళ్ళకూడదు మావయ్యా."

"మీ నాన్న మానేస్తే నేను—"

"నాన్న ఉన్నా మానేసినా నువ్వు వెళ్ళకూడదు. యజమానితో నేను మాట్లాడతాను. మణికట్టుకి కట్టు కడతాను, రోజూ నేనే కడతాను. నువ్వు మాత్రం వెళ్ళకూడదు."

"ఏంటమ్మా ఇది, చిన్నపిల్లలా చెయ్యి పట్టుకుని... వదులు. ఎందుకు వెళ్ళకూడదు?"

"పాట వినడం మానేశానన్నాను కదా. మరి ఏది పట్టుకుని వదులుతున్నాననుకున్నావు కర్ర?"

"లెక్కపెట్టుకుంటున్నావేమో."

"అంత ఎత్తులో, ఆ లైట్లలో లెక్క నిలుస్తుందా? నిన్ను చూస్తున్నాను మావయ్యా. ఊగి వెనక్కొచ్చినప్పుడల్లా కిందకి నీకేసి చూస్తాను. నీ రెండు పుల్లలూ పైకి లేవగానే మోకాళ్ళు ముడుస్తాను. ముడిచాక ఇంక ఆలోచించేదేం లేదు, వదిలెయ్యడమే. ఏడాదిగా అంతే."

"విన్నావా బామ్మర్దీ? నేనొక్కణ్ణే అనుకున్నాను నీ పుల్లల మీద బతుకుతున్నది. అదేంటి, మొదటి ఈలేనా?"

"గేటు తెరిచారు నాన్నా. బయట అప్పుడే వరస పెద్దదిగా ఉంది. నేను వెళ్ళి చేతులకి పొడి రాసుకోవాలి."

"ఆగమ్మా. ఇవాళ చివరికి ఎలా వదిలావు?"

"ఊపు చచ్చిపోతోంది నాన్నా. ఇంకో చుట్టు ఆగితే ఆయన చేతికి అందను. కళ్ళు మూసుకుని వదిలేశాను. ఎడమ చెయ్యి ఒక్కటే దొరికింది ఆయనకి... అది సరే. మావయ్యా, ఇవాళ ఎందుకెత్తలేదు పుల్లలు? మూడుసార్లు చూశాను నీకేసి. నువ్వు కూడా నాకేసే చూస్తున్నావు. చూస్తూ కూర్చున్నావు."

"చెప్పరా. ఇందాక నేనడిగితే తప్పించుకున్నావు. ఇప్పుడు తను అడుగుతోంది."

"నువ్వు మోకాళ్ళు ముడవలేదుగా అమ్మా."

"పుల్లలు లేవకుండా ఎలా ముడుస్తాను?"

"నువ్వు ముడవకుండా నేనెలా ఎత్తను తల్లీ? లెక్క నాకూ పోయింది. ఏడాదిగా నిన్ను చూసే కొడుతున్నాను."