దూడ ఒళ్ళు ఆరేదాకా

"ఏవండీ, దీనికేమన్నా అయితే నేను మాత్రం బతకను."

"అదింకా పడుకోనన్నా పడుకోలేదు, అప్పుడే నీ చావు సంగతెందుకే?"

రోహిణి కార్తె. చల్లపల్లి అవతల రేకుల పాకలో పొద్దున ఏడింటికే ఉక్క. ఈనబోయే ఆవు, చిన్ని. దాని మెడ పట్టుకుని రావమ్మ. ఎదురుగా భర్త దుర్గాప్రసాద్, పశుపోషణ డిప్లొమా చదువుతున్న కూతురు సింధూరి.

"నోరు తెరిచి రొప్పుతోంది చూడండి. కరెంటు ఎప్పుడొస్తుందంట?"

"తొమ్మిదింటికంట. లైన్‌మన్ ఫోనెత్తట్లేదు."

"తొమ్మిదిదాకా ఉంటుందా ఇది?"

"అమ్మా, నువ్వు కాస్త జరుగు. దానికి గాలి రానివ్వు."

"ఒంటినిండా ఎంత బొచ్చో చూడవే, ఎలుగుబంటికున్నట్టు. ఈ ఎండల్లో దీనికేం పనే, పాపం!"

"పాలకని మనమే తెచ్చుకున్నాంగా. చలిదేశపు రక్తం. అక్కడ ఆ బొచ్చు దుప్పటి. ఇక్కడ విప్పడానికి వీల్లేని దుప్పటి."

"కత్తిరిస్తే?"

"పోయినేడూ కత్తిరించాం. మళ్ళీ రాలేదా? పుట్టుకతో వచ్చిందమ్మా అది, కత్తెరతో పోదు."

"పోయినేడు దూడకీ ఇదే బొచ్చు. మూడో రోజు మధ్యాహ్నం నాలుక బయటపెట్టి..."

"మళ్ళీ అదెందుకు ఎత్తుతావే? అందుకేగా ఈసారి చూలు సూదులేసే జోయెల్‌ని పిలిచి ఒంగోలు కోడె సూది వేయించమన్నాను."

"అవునమ్మా. ఒంగోలుది పొట్టి బొచ్చు. ఆ పోలిక వస్తే దూడ నున్నగా ఉంటుంది. ఎండ దానికో లెక్క కాదు."

"ఒక్కోసారి తల్లి పోలికే వస్తుందంటారుగా? రాదా?"

"అచ్చం తల్లిలాగే ఎందుకొస్తుందమ్మా? సగం అటునించి రావాల్సిందే."

"సగమే కదా..."

"పడుకుంది! నాన్నా, కాళ్ళు కనపడుతున్నాయి!"

"తలో? తల పెద్దదేం కాదుగా? చూడవే, తల చూడవే!"

"చిన్నదే. నాన్నా, కిందికి లాగు. మెల్లగా... మెల్లగా..."

"అమ్మా దుర్గమ్మ తల్లీ..."

"పడింది! పెయ్య దూడ! ఊపిరి తీస్తోంది!"

"మరి చిన్ని? చిన్ని ఎట్లా ఉంది?"

"లేచి దూడని నాకుతోంది, చూడు. ఎంత తేలిగ్గా ఈనేసిందో!"

"హమ్మయ్య. బతికింది నా తల్లి."

"అమ్మాయ్, ఏంటిది? బొచ్చు బాగా ఉన్నట్టుందే?"

"తడి మీద అట్టాగే కనపడుద్దండీ. ఒళ్ళు ఆరనివ్వండి."

"ఆరిన చోటే చూస్తున్నా. మెడ మీద లేచి నిలబడింది."

"ఇంకా ఆరాలండీ."

"మెడ కింద గంగడోలూ లేదు నాన్నా. చెవులూ పొట్టివే. ఒంగోలు పోలిక ఒక్కటీ లేదు."

"అయితే జోయెల్ మోసం చేశాడన్నమాట. ఫోనివ్వు, కడిగేస్తాను వాణ్ణి."

"పొద్దున్నే ఎందుకండీ? పిల్లలు గలవాడు. ముందు ముర్రుపాలు పట్టిద్దాం, రండి."

"రోహిణి ఇంకా పది రోజులుందే! ఇదీ పోతే?"

"ఆ మాట అనకండి!"

"జోయెలన్నా, నేను సింధూరిని. స్పీకర్‌లో నాన్న కూడా ఉన్నారు. చిన్నికి ఆ రోజు ఏ సూది వేశావన్నా?"

"ఈనిందా అమ్మా? క్షేమమేగా?"

"క్షేమమే. ఏ సూది?"

"అమ్మగారు... అక్కడే ఉన్నారా?"

"ఉంది. ఎందుకు?"

"ఆవిడనే అడగమ్మా. నేను బండి మీద ఉన్నా, ఉంటాను."

"రావమ్మా, ఏంటి వాడనేది?"

"దూడకి ఒళ్ళు తుడవాలండీ, ఆ గుడ్డ ఇటివ్వండి."

"నిన్నేనే. దూడకి అట్లా అడ్డం కూర్చుంటే కనపడదనుకున్నావా?"

"అమ్మా, ఏడవకు. ఎవరూ ఏమీ అనట్లేదు."

"ముందు చిన్నికి నీళ్ళు పెట్టవే."

"కరెంటొచ్చిందమ్మా. ఫ్యాన్ ఇటు తిప్పాను. తొమ్మిదైంది. ఇప్పుడన్నా చెప్పు."

"ఆ సూది నేనే మార్పించానండీ, ఒంగోలుది వద్దని చిన్ని జాతిదే వేయమన్నాను. ఒంగోలు దూడ తల పెద్దది, ఈనలేక చిన్ని చస్తుందని పక్కింటి మార్త అంటే... చిన్ని ఒక్కటే కళ్ళ ముందు కనపడింది. పుట్టేదాని సంగతి నాకు తోచనే లేదు."