రేపల్లెకి గంటా ఎనిమిది నిమిషాలు

తెనాలిలో ఏసుబాబు సైకిల్ షాపు, గురువారం పొద్దున. ఆదివారం బాపట్లలో పెద్ద పోటీ ఉంది. ముందు సముద్రంలో ఈత, తర్వాత సైకిలు, ఆ తర్వాత పరుగు, మధ్యలో ఆగేది లేదు. ఎరువుల వ్యాపారం చేసే గిరీష్ స్టాండుకి వేలాడుతున్న తన సైకిలు పక్కన నిలబడి చీటీల పుస్తకం ముందుకి తోశాడు. ఆ తోసిన తీరు చూసి ఏసుబాబుకి పొద్దున్నే ఒళ్ళు మండింది.

“రాయి. ఫ్రేము చిట్లింది, తొక్కితే ప్రమాదం అని రాసి సంతకం పెట్టు.”

“చిట్లలేదుగా, గిరీష్ బాబూ.”

“చిట్లిందంటున్నాగా.”

“ఎక్కడో చూపించండి. లైటేసి చూశాను, నాణెంతో తట్టి చూశాను. చిట్లిన చోట బోలుగా పలుకుతుంది. ఇది అడుగడుగునా ఖణేల్‌మంటోంది.”

“నాణెం కబుర్లు నా దగ్గర చెప్పకు. ఇది ఇనుము కాదు, కార్బన్ ఫ్రేము. పాల క్యాన్లు మోసే సైకిళ్ళకి పంచర్లేసుకునేవాడివి, ఇలాంటి బండి ముట్టుకునే యోగం నీకు పట్టిందే నా వల్ల.”

“అవునండి. అందుకే దానికి లేని జబ్బు అంటగట్టలేకపోతున్నాను.”

“ఎక్కువ మాట్లాడకు.”

“తక్కువే మాట్లాడుతున్నానండి. ఆదివారం రిపేర్ల టెంటు నాది. నూట ఇరవై సైకిళ్ళు నా చేతిమీదుగా రోడ్డెక్కాలి. నేను చూసుకునే బండే చిట్లిందని నేనే రాసిస్తే ఇంకెవరండీ నన్ను నమ్మేది? ఆరాధనకి రాలేనని చర్చిలో అయ్యగారికి చెప్పుకుని మరీ ఒప్పుకున్న పని.”

“రాయకపోతే ఆ టెంటూ ఉండదు. కమిటీకి నేను ఒక్క ఫోన్ కొడితే చాలు.”

“కొట్టండి.”

“కొడతాను.”

“కొట్టండి మరి. జేబులోనే ఉందిగా ఫోను.”

“నీకో అవకాశం ఇస్తున్నా, ఏసుబాబూ.”

“ఇంతకీ ఈ చీటీ ఎందుకు బాబూ? ముప్పై కిలోమీటర్ల పైనున్న రేపల్లెకి గంటా ఎనిమిది నిమిషాల్లో తొక్కిన మనిషి మీరు. మొదటి వరసలో నిలబెడుతున్నారు. ఫ్లెక్సీ కూడా కట్టారు.”

“మోకాలు పట్టేసింది.”

“మోకాలికి డాక్టరుగారు రాస్తారుగా.”

“మోకాలంటే భయపడ్డాడంటారు. బండి పోయిందంటే అయ్యో పాపం అంటారు. ఆ మాత్రం తెలీదా నీకు?”

“ఇప్పుడు తెలిసిందండి. ఏ మోకాలు?”

“ఆఁ?”

“కుడిదా, ఎడమదా?”

“కుడిది.”

“మరి ఇందాకట్నుంచీ బరువంతా దాని మీదే వేసి నిలబడ్డారు.”

“హద్దులో ఉండు.”

“ఉంటానండి. ఒక్కసారి ఈ చైను చూడండి. వేసి ఎనిమిది నెలలు. ప్రతి మంగళవారం సాయంత్రం బండి నా దగ్గర వదులుతారు, కడిగి నూనె పెడతాను, బుధవారం సాయంత్రం తీసుకెళ్తారు. మీ వారమంతా నాకు తెలుసు. సోమవారం విశ్రాంతి. మంగళవారం పక్కనే ఉన్న అంగలకుదురు దాకా వెళ్ళి, ఇడ్లీ తిని, ఫొటో పెట్టి రావడం. శనివారం మళ్ళీ అదే ఇడ్లీ. బుధవారం ఈత. మిగతా రోజులు పరుగు, అందులో సగం నడకే. ఆ తిరుగుడుకి ఈ చైను మూడేళ్ళు రావాలి. అప్పుడే సాగిపోయింది.”

“నాసిరకం చైను వేసుంటావు.”

“రేపల్లె టైములన్నీ బుధవారాలేనండి.”

“అయితే?”

“పోటీ పని ఉందని నన్నూ వేశారుగా మీ సైకిలు యాప్ గ్రూపులో. ముప్పై బుధవారాలు లెక్కపెట్టాను. బుధవారం పొద్దున మీరు కారేసుకుని సూర్యలంక పోతారు, ఈతకి. సముద్రంలో ఈదుతూ ఈదుతూనే రేపల్లె ఎలా వెళ్ళొచ్చారండి?”

“మంచినీళ్ళున్నాయా?”

“కుండలో ఉన్నాయి. తాగి చెప్పండి.”

“నేనేం అబద్ధం చెప్పలేదు. హ్యాండిల్ మీదున్న మీటరు చేసింది. సాయంత్రం నా ఫోను దగ్గరకి రాగానే టైము దానంతటదే యాప్‌లోకి ఎక్కించేసింది. నేను చూసేసరికి అందరూ శభాష్ శభాష్ అని పెట్టేశారు. కాదని ఎలా చెప్పను?”

“ఒక్కసారంటే మొహమాటం. ముప్పై సార్లా?”

“నువ్వే తొక్కుతున్నావనుకున్నా! సర్వీసు పేరు చెప్పి సరదా తీర్చుకుంటున్నాడు, పోనీలే అని ఊరుకున్నా.”

“పోనీలే అని ఆ కష్టం మీ పేరున వేసుకున్నారు. ఎంత పెద్ద మనసండీ! కానీ నేను కాదు. సీటు గొట్టం చూడండి. కింద నల్ల టేపు మీ సీటు ఎత్తుకి గుర్తు. దానికి రెండంగుళాల పైన, సీటు కిందికి దింపుకునేవాళ్ళ గుర్తు, ఎర్ర చుక్క ఉంది.”

“నువ్వు పెట్టిందేగా?”

“అది గోళ్ళరంగు. నేనేసుకుంటానా?”

“మరెవరు? మా ఆవిడ భవ్యా? ఛ, స్కూటీకి సరిగ్గా స్టాండు వేయడం రాదు దానికి!”

“స్టాండు వేసే వచ్చానండి, బయట నా స్కూటీ చూసుకోండి. ఏసుబాబు బాబాయ్ గారూ, చైను మార్చేశారా?”

“ఇంకా లేదమ్మా. బాబుగారు వేరే పని చెబుతున్నారు.”

“నువ్వా? నాకు చెప్పకుండా, నా బండి...”

“మీరు సముద్రానికి పోయిన పూట ఇక్కడ ఊరికే వేలాడుతోంది. నేను తొక్కిన ప్రతిసారీ మీ ఫోనుకి కబురొచ్చింది. ఎవరు తొక్కారని ఒక్కసారైనా అడుగుతారేమోనని చూశాను. అడగలేదు. అత్తయ్యగారికి చూపించి పాలకోవా పంచారు.”

“అసలు నీకు తొక్కడం ఎప్పుడొచ్చింది?”

“వేమూరు నుంచి తెనాలి కాలేజీకి మూడేళ్ళు ఎదురుగాలిలో తొక్కాను. పెళ్ళిచూపుల్లో చెబితే మీరు నవ్వారు.”

“సరే, సరే. అయిందేదో అయింది. భవ్యా, విను. హెల్మెట్టు, నల్ల కళ్ళజోడు పెట్టుకుంటే మొహం తెలీదు. ఈత నేను ఈదుతా. టెంటు వెనక్కి రాగానే నా నంబరు నువ్వు కట్టుకుని బండెక్కు. దిగాక పరుగు మళ్ళీ నాది. ఏసుబాబూ, నీ టెంటు వెనక రెండు నిమిషాలు...”

“టెంటు తీయించేస్తానన్నారుగా.”

“అబ్బా, ఉంచుతాలేవయ్యా! భవ్యా, ఏమంటావు?”

“కుదరదండి.”

“ఎందుకు కుదరదు? నీకిష్టమేగా!”

“తొక్కడం ఇష్టం. మీ నంబరు కట్టుకోవడం కాదు.”

“పరువు పోతుంది, భవ్యా. ఊరు ఊరంతా వస్తోంది. ఒక్క గంట సాయం చెయ్యలేవా?”

“ఆదివారం నాకు పనుంది.”

“ఏం పని? వంటా?”

“నిన్న కమిటీ వాళ్ళు ఇంటికొచ్చారు. మీ టైములు చూసి మురిసిపోయి నాకూ ఓ గౌరవం ఇచ్చారు, సరేనన్నాను. మీ ముందు వెళ్ళే జీపులో మైకు పట్టుకుని కూర్చుని, కిలోమీటరుకోసారి మీ స్పీడు జనానికి చదివి వినిపించేది నేనే.”