అయిదు తీగల కొలతలు

హలో… మాస్టారూ… ఆ, నేనే. మీరు పిలిచే ఉలిపిల్లని.

అవునండీ, బతికే ఉన్నాను… రెండేళ్ళా? మీ షెడ్డు వదిలి ఏడాదిన్నరే కదండీ అయింది… సరే, మీరు రెండంటే రెండే.

పిన్నిగారు బావున్నారా?… మోకాళ్ళా… అయ్యో. ఆ మెట్ల మీద రోజుకి ఎన్నిసార్లు ఎక్కి దిగుతారో, నొప్పులు రాకేం చేస్తాయి.

లేదు లేదు, ఊరికే చేశాను… అబ్బే, ఊరికే కాదులెండి. ఊరికే ఫోన్ చేసే మొహమా నాది. పనిపడింది.

అయిదు తీగల బేస్ గిటారు. ఆర్డరొచ్చింది… నాకేనండీ… నవ్వకండి మాస్టారూ… అవును, నాలుగు తీగలవి మీ దగ్గర పదకొండు చేశాను. అయిదుది మాత్రం ఒక్కటీ చెయ్యలేదు. మీరు చేస్తుంటే పక్కన నిలబడి పొట్టు ఊడ్చాను, అంతే. అందుకే మిమ్మల్ని…

ఆ, కాగితం ఉంది. పెన్సిలూ ఉంది. చెవి మీద కాదు, చేతిలోనే ఉంది. చెప్పండి.

తీగ పొడవు ముప్పై నాలుగు అంగుళాలు అనుకుంటున్నాను… ముప్పై అయిదా?… ఓహో. పొట్టిగా ఉంటే ఆ లావుపాటి అయిదో తీగ బట్టలారేసే తాడులా వేలాడుతుంది… అర్థమైంది, అర్థమైంది. ముప్పై అయిదు.

గిటారు మెడ?… ఒకే చెక్క వద్దా… అయిదు బద్దలు అతికించాలి. ఒక్క చెక్కయితే ఆ లాగుడికి మెలి తిరిగిపోతుంది… మేపుల్, మధ్య మధ్యలో రోజ్‌వుడ్. ఒక్కో బద్దలో చెక్క గీతలు ఒక్కో వైపుకి తిరిగేలా… రాశాను.

ఇంకోటి మాస్టారూ, మెడలో తగిలించుకున్నాక తల బరువెక్కి కిందికి వాలిపోతుందేమోనని నా భయం… నా తల కాదండీ, గిటారు తల!… ఆ. గిటారు ఒంటికుండే పై కొమ్ము పొడుగు పెంచాలి. ఎందాకా?… పన్నెండో ఫ్రెట్ దాకా, మెడ మీద పన్నెండో అడ్డకమ్మి దాకా. సరే.

ఎవరికా?… ఒకాయనకి… బేస్ వాయించే ఆయనకే, ఇంకెవరు చేయించుకుంటారు… చేతులా? పెద్దవే… బాగా పెద్దవి… బరువు నాలుగు కిలోలు దాటకూడదన్నాడు. ఎడమ భుజం నొప్పట.

…

ఆ, ఆయనే.

పొడుగాయనే, మాస్టారూ.

…

మాస్టారూ?… ఉన్నారా?

మీ దగ్గర చేయించుకుంటానని మీకు మాటిచ్చాడని నాకు తెలుసు. అటక మీద ఆరబెట్టిన చెక్క ఆయన కోసమేననీ తెలుసు. నిచ్చెనేసి ఎక్కించింది నేనే కదా… అయిదేళ్ళు ఆరింది. అవును.

ఎందుకు రావడం మానేశాడో మీరు అడగలేదా ఆయన్ని?… అవునులెండి. మీరు అడగరు. ఎవర్నీ అడగరు మీరు.

మాస్టారూ, ఒక్క నిమిషం. తలుపు తెరిచుంది, వేసొస్తాను. జిగురు మీద దుమ్ము పడితే… కాదు. తలుపు వేసే ఉంది. ఊరికే నాన్చుతున్నాను.

ఆయన్ని ఆపింది నేనే.

… కిందటేడు. నేను సొంత షాపు తెరిచిన మూడో నెల. తన పాత గిటారుకి ఫ్రెట్లు మార్పించుకోడానికి వచ్చాడు. మాటల్లో మాటగా, మాస్టారి దగ్గర అయిదు తీగలది చేయించుకోబోతున్నా అన్నాడు. మురిసిపోతూ చెప్పాడు. నేను… నేనన్నాను, ‘మాస్టారి చేతులు ఈ మధ్య వణుకుతున్నాయండీ’ అని.

వినపడింది కదా. మళ్ళీ చెప్పించకండి… చెప్తాను. మాస్టారి చేతులు వణుకుతున్నాయి అన్నాను.

లేదండీ, నేనేం చూడలేదు. వణికితే కదా చూడ్డానికి. మీరు చిత్రిక పడితే పొట్టు ఉల్లిపొరలా లేచేది. ఆరేళ్ళు ఆ చేతుల్నే చూశాను… అబద్ధమే. పచ్చి అబద్ధం.

ఎందుకంటే… మూడు నెల్ల నుంచి ఒక్కరూ కొత్త గిటారు అడగలేదు. తీగలు మార్చమనేవాళ్ళు, గీతలు పడ్డాయి పాలిష్ చెయ్యమనేవాళ్ళు. మొదట్నుంచి చివరిదాకా నాది అని చెప్పుకునేది ఒక్కటి చెయ్యాలని… సాకులే. సాకులే లెండి, నాకూ తెలుసు.

ఇంకెవరికైనానా?

… ఇంకొకావిడకి. పాటల స్కూలు టీచరుగారికి… అవును. ఆవిడా మళ్ళీ మీ గడప తొక్కలేదు కదా.

తిట్టండి మాస్టారూ… తిట్టరా?… తిడితే బావుండేది.

ఇప్పుడెందుకంటే… పొడుగాయన ఏడాదంతా తటపటాయించి, పోయిన వారం వచ్చి ఆర్డరిచ్చాడు. నిన్న చెక్క ఎంచుకోడానికి వచ్చి, ఒక్కోదాన్నీ వేలితో తట్టి, చెవి పెట్టి వింటున్నాడు. వింటూ వింటూ ఆగిపోయి, ‘పాపం మాస్టారు, ఆ చేతులతో ఇప్పుడేం చేస్తున్నారో’ అన్నాడు. అంత మనిషీ కళ్ళు తుడుచుకున్నాడు. నేను పక్కనే నిలబడి అవునండీ అన్నాను. అవునండీ అని తలూపాను మాస్టారూ. అప్పట్నుంచీ ఉలి పట్టుకుంటే ఎక్కడ కొట్టాలో తెలియడం లేదు.

కొలతల కోసమే చేశానని మొదట నాకు నేను చెప్పుకున్నాను. ఇది చెప్పడానికే చేశాను.

…

ఏంటీ?… ఇప్పుడా?… మీరు లైన్లో ఉండగానా?

షాపు ఫోను ఉంది. ఉంది గానీ… రేపు నేనే వాళ్ళింటికి వెళ్ళి… సరే. సరే, చేస్తాను. మీరు పెట్టెయ్యకండి. ఇదిగో, నంబరు నొక్కుతున్నాను… రింగవుతోంది.

హలో… సార్, గిటార్ల షాపు నుంచి… లేదు సార్, చెక్క గురించి కాదు. మాస్టారి చేతులు వణుకుతున్నాయని కిందటేడు మీకు చెప్పాను, గుర్తుందా… అది అబద్ధం సార్… కల్పించాను. మీ ఆర్డరు నాకు రావాలని… ఆయన చేతులు నిక్షేపంలా ఉన్నాయి… అవును సార్, నిన్న కూడా… అవును. నిన్న మీరు అలా బాధపడుతుంటే చూస్తూ ఊరుకున్నాను… అనండి సార్, మీరు ఎంతన్నా తక్కువే… మీ చెక్క ఇంకా ఆయన అటక మీదే ఉంది… సరే… సరే సార్. ఉంటాను.

…

మాస్టారూ… విన్నారా?

నాతో చేయించుకోనన్నాడు. సాయంత్రం మీ దగ్గరికే వస్తాడట. ఈ కాగితం ఫోటో తీసి పంపిస్తాను, ఆయన భుజం కొలతా, వేళ్ళ కొలతా ఉన్నాయి… ఏం కాదు, నాకేం కాదు. బానే ఉన్నాను. కాస్త తేలికపడ్డట్టే ఉంది.

… ఏంటండీ?

… నిజంగానే వణుకుతోందా? ఎప్పట్నుంచి?

నాలుగు నెలలా… కుడి చెయ్యా… డాక్టరు ఏమన్నాడు?… మందులతో కాస్త ఆగుతుందంతే. పోయేది కాదు.

నిజం చెప్పండి మాస్టారూ. నా మీద కోపం కొద్దీ అంటున్నారు కదూ… కాదా… చొక్కా బొత్తాలు పిన్నిగారే పెడుతున్నారా.

అయ్యో.

మరి నా చేత ఆయనకి అలా ఎందుకు చెప్పించారండీ? నిక్షేపంలా ఉన్నాయని నేను అంటుంటే మీరు వింటూనే ఉన్నారు. ఒక్క మాట…

… ఆ.

… అవును. నేనన్న రోజుకి అది అబద్ధమే. ఆ రోజు మీ చేతులు బానే ఉన్నాయి.

అవును. నేనా మాటన్నాక, ఈ వణుకు రాకముందు, ఎనిమిది నెలల్లో… మీరు ఆయన గిటారు చేసేసి ఉండేవాళ్ళు. మీ చేత్తో. ఆఖరిది.

…

ఏడవట్లేదండీ… ఏడ్చే హక్కు కూడా నాకు లేదు. క్షమించమని అడగను… అడగొద్దంటే అడగను.

సాయంత్రం ఆయనకి ఏం చెప్తారు?… ఉన్నదున్నట్టు చెప్తారా… మీరేనా చెప్పేది… నన్ను రావొద్దంటారా. సరే.

ఆ టీచరుగారికా? ఇవాళే ఫోన్ చేస్తాను. ఇప్పుడే… ఆ, మీ చేతుల సంగతి కాదు. నేను చేసిన పని చెప్తాను.

రేపు పొద్దునా?… ఉలులు తెచ్చుకోవాలా… ఎందుకండీ, నేను… ఆ.

ఆ.

మీరు కుర్చీలో కూర్చుని చెప్తారు. నేను కొడతాను… పొడుగాయన ఒప్పుకుంటాడా?… మీరు ఒప్పిస్తారా. నేను చేసినదంతా విన్నాక కూడానా?

ఎనిమిదింటికి. ఏడున్నరకే గేటు దగ్గరుంటాను. మూలనున్న చిన్న బల్ల శుభ్రం చేసుకుని…

… ఏ బల్ల?

మీ బల్ల దగ్గరా?… వద్దు మాస్టారూ. అక్కడ మీరు తప్ప ఎవరూ… నేను దాని దగ్గర ఎలా నిలబడను, నా వల్ల…

మాస్టారూ?… హలో?… పెట్టేశారా?

హలో…